గట్టిగా రుద్దిన చెయ్యి

ఆ ఆయా టీకాను తుడిచేసుకుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొన్న ఒక పెళ్లిలో, ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్‌గా పనిచేసిన ఒకాయన పంక్తిలో కూర్చుని ఆ కథ మళ్లీ ఎత్తుకున్నాడు. "ఆ కాలంలో జనానికి ఎంత మూఢనమ్మకమో సూడండప్పా. ఆసుపత్రిలో పనిచేసే మనిషే టీకా వేయించుకోని, బయటికి పోయి తుడిసేసుకునింది" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. లేస్తూ ఆయన్ను ఏమన్నానో ఇక్కడ రాయను. పెళ్లివాళ్లు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు, మాట్లాడకపోయినా నాకు పోయేదేమీ లేదు. ఆమె తుడుచుకోలేదు. ఎవరు తుడిచారో నాకు తెలుసు, అది రాయడానికే కూర్చున్నాను.

డెబ్బైల మొదట్లో నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సును. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ జాగాలో లాడ్జీ లేచింది. అప్పటికి మశూచి మా వైపు దాదాపు తగ్గిపోయింది. కానీ కొండకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు కదా, ఎవరు ఏది మోసుకొస్తారో ఎవరికి తెలుసు? మా జనం దాన్ని మశూచి అనేవాళ్లు కాదు, అమ్మవారు పోసింది అనేవాళ్లు. ఊపిరితో, దగ్గుతో, కప్పుకున్న దుప్పటితో కూడా అంటుకునే జబ్బు అది. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఒక్కటే ఉండేది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకైతే ఏటా ఎండలు ముదిరేలోగా టీకా వేయాలని రూలు.

ఆయా నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను సిస్టరమ్మా అనేది. చంద్రగిరి అవతల కొండకింద పల్లె ఆమెది. చిన్నప్పుడు టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తే పిల్లలందరినీ శెనక్కాయ చేలల్లోకి తరిమి దాచేవాళ్లట. అందుకని అందరికీ ఉండే చిన్ననాటి టీకా మచ్చ ఆమె చేతికి లేదు. పెళ్లయి తిరుపతికి వచ్చి, జట్కా తోలే మొగుడి సంపాదన చాలక ఆసుపత్రిలో చేరింది. బెడ్‌పాన్లు ఎత్తడం, రోగులకు ఒళ్లు తుడవడం, చీమూ నెత్తురూ అంటిన గుడ్డలు ఉతకడం ఆమె పని. లేవలేని రోగిని పక్కకు తిప్పితే నిద్రలో ఉన్న పసిబిడ్డను తిప్పినట్టు తిప్పేది.

టీకాల రోజు అందరం మందుల గది ముందు వరండాలో వరసగా నిలబడేవాళ్లం. ముందు డాక్టర్లు, తర్వాత మేము, తర్వాత కాంపౌండరు, వార్డు బాయ్‌లు, ఆఖరున ఆయాలూ ఊడ్చేవాళ్లూ. వేసేది పెద్ద సిస్టరే. ఆవిడకు శుభ్రం అంటే పిచ్చి. మంచం కోడు కింద వేలు పెట్టి గీసి చూసే మనిషి. మా చేతిమీద స్పిరిట్ దూదిని అలా ఆనించి, నాలుగు మాటలు మాట్లాడి, ఆరిన తర్వాత నిదానంగా సూది పొడిచేది. ఆయాల వంతు వచ్చేసరికి మాత్రం ముఖం మారిపోయేది. దూది మార్చేది. స్పిరిట్‌లో ముంచి, కారుతుండగానే భుజం నుంచి మోచేతి దాకా అంట్లు తోమినట్టు తోమేది. "మీరు పట్టుకునే సామాన్లేమి, ఈ చేతులేమి" అని గొణిగేది. ఆ చేతిని ఎక్కువసేపు పట్టుకోవడం ఇష్టం లేక, తడి ఆరకముందే మందులో ముంచిన సూదిని టకటకా పొడిచేసి "నెక్స్ట్" అనేది.

ఆయా దానికి బాధపడేది కాదు. ఆ రోజు తెల్లారే సున్నిపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేసి, ఉతికిన రవికె తొడుక్కుని వచ్చేది. "మీకన్నా మాకే బాగా సేసింది సూడు సిస్టరమ్మా, రొండుతూర్లు రుద్దింది" అని ఎర్రబడిన చెయ్యి చూపించి మురిసిపోయేది.

ఏటా టీకా వేసినా ఆమెకు పొక్కు వచ్చేది కాదు. వారం తర్వాత చేతులు చూడాలని రూలు ఉన్నా ఎవరూ చూసేవాళ్లు కాదు. ఒక ఏడాది ఆమే పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చినప్పుడు రవికె చెయ్యి పైకి మడిచి, "నాకు ఎప్పుడూ పొక్కే రాదు సార్" అని అడిగింది. ఆయన నడుస్తూనే చూశాడు. "రాకపోతే మంచిదే. నీ ఒంట్లో ముందే శక్తి ఉందన్నమాట. అమ్మవారు నీ జోలికి రాదులే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె దాన్ని దీవెనగా పుచ్చుకుంది. చిన్నప్పుడు టీకా వేయించుకున్నావా అని ఆయన అడగలేదు. అడగడానికి ఎంతసేపు పడుతుంది?

నేను చెప్పే ఏడాది టీకాల రోజున నేను ఆసుపత్రిలో లేను. మా అమ్మకు జ్వరమని తిరుచానూరు పోయి ఉన్నాను. మా అమ్మ అక్కడ గుడి ముందర పూలు అమ్మేది. రెండో రోజు టీకాలాయన వీధిలోకి వచ్చి, పూలంగళ్ల వాళ్లనందరినీ ఆపి పొడుస్తున్నాడు. నా చేతిని పట్టుకుని, తుడవకుండా గుడవకుండా రెండు మొనల సూదిని మందులో ముంచి పొడవబోతే నాకు మండుకొచ్చింది. "స్పిరిట్ దూది ఏదయ్యా? నేను నర్సును" అన్నాను.

"స్పిరిట్టా? అది మా ఆఫీసు దాటి రాదమ్మా, ఆడనే ఆవిరైపోతాది" అన్నాడాయన. "ముందర చెయ్యి తిన్నగా పెట్టు. నీ యెనక ఎంతమంది ఉండారో సూడు."

పొడిచాడు. నాలుగో రోజుకు పొక్కు లేచింది. చెయ్యి వాచి, చంకలో బిళ్ల కట్టి, జ్వరం కూడా వచ్చింది. మురికి సూదితో పొడిచాడని ఆయన్ను తిట్టుకున్నాను. మా అమ్మకూ, పక్కన అరటిపండ్లు అమ్మే ముసలామెకూ, ఆ వరసలో అందరికీ అలాగే పొక్కులు లేచాయి.

నా చేతిమీద చెక్కు రాలిపోయిన కొన్నాళ్లకే ఒక సత్రం నుంచి ఉత్తరాది ముసలాయన్ను మా ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్లంతా పొక్కులు. కూడా వచ్చినవాళ్లు భయపడి వదిలేసి పోయారు. వెనక ఉన్న అంటురోగాల షెడ్డు తెరిచారు. లోపలికి ఎవరు పోవాలి? డాక్టర్లకు పిల్లలున్నారు, సిస్టర్లకు సంసారాలున్నాయి. నాకు పెళ్లి కాలేదు, అడిగేవాళ్లు లేరు, అందుకని నర్సుగా నన్ను వేశారు. ఆయాగా ఎవరని అడిగితే పెద్ద డాక్టరు నేరుగా ఆమె వైపే చూశాడు.

"పొక్కే రాని మనిషివి నువ్వు. ఈ ఆసుపత్రిలో నీకంటే భద్రంగా ఉండేవాళ్లు లేరు" అన్నాడు.

"మీరు సెప్తే సరే సార్" అంది ఆమె.

ఆ ముసలాయనకు మన భాష రాదు, ఆమెకు ఆయన భాష రాదు. అయినా ఆమె ఆయన గొంతులోకి చెంచాతో మజ్జిగ పోసింది, పుండ్లకు అంటుకున్న గుడ్డను నీళ్లతో నానబెట్టి ఊడదీసింది, ఆయన ఏడిస్తే పక్కన కూర్చుని వేపమండతో విసిరింది. ఆయన బతికాడు. ఆయన లేచి కూర్చునే సమయానికి ఆమె పడింది. మొదట నడుం నొప్పి, జ్వరం, తర్వాత నుదుటిమీద ఎర్రటి మచ్చలు. అవేమిటో ఆమెకు నాకంటే ముందే తెలిసింది. తను ఊడ్చిన షెడ్డులోనే, తను ఉతికి ఆరేసిన దుప్పటిమీదే పడుకుంది.

పెద్ద డాక్టరు వచ్చాడు. గడప దాటి రాలేదు, జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. "టీకాను ఏం చేశావు? తుడిచేశావు కదూ? పేడ రాశావా, వేపాకు రాశావా?" అని అడిగాడు.

ఆమె నోటినిండా పొక్కులు. మాట రాక తల అడ్డంగా ఊపింది.

"చూశారా, అడిగితే ఒప్పుకోరు. టీకా వేస్తే అమ్మవారికి కోపమని వీళ్ల నమ్మకం. ఇలాంటివాళ్లకు ఇక ఇక్కడ పని లేదు" అని వెనకున్న వాళ్లతో చెప్పి వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. సాయంత్రానికి ఆ మాట ఆసుపత్రి మొత్తం పాకింది. వంటగదిలో, బట్టలుతికే చోట, గేటు దగ్గర, ఎక్కడ చూసినా అదే.

గేటు బయట ఆమె మొగుడు నిలబడి ఇంకో పాట పాడుతున్నాడు. "ఏటేటా సూదులు పొడిపించుకునింది గదమ్మా, గంగమ్మ ఊరికే ఉంటాదా? వద్దంటే ఇనింటే కదా" అన్నాడు. ఆసుపత్రేమో టీకా తుడిచేసింది కాబట్టి జబ్బు వచ్చిందంది. ఇల్లేమో టీకా వేయించుకుంది కాబట్టి వచ్చిందంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. తప్పు మాత్రం రెండు చోట్లా ఆమెదే.

ఆ మొగుణ్ణి నేను అక్కడే కడిగేశాను. తిట్టి ఊరుకోలేదు, తిరుచానూరు నుంచి ఆ టీకాలాయన్నే పట్టుకొచ్చి, వాళ్ల వీధిలో ఇంటింటికీ తిప్పాను. మొగుడు తలుపు వేసుకుంటే, "నీ బిడ్డకు వస్తే నీ జట్కా కూడా ఇంకెవరూ ఎక్కరు" అన్నాను. మెత్తటి మాటలు చెప్పే ఓపిక నాకు లేదు. తలుపు తెరిచాడు. ఆయనకూ, కూతురికీ, ఆయా అత్తకూ, అటూ ఇటూ ఇళ్లవాళ్లకూ పొడిచారు. స్పిరిట్ లేదు, దూది లేదు. అందరి చేతులూ వాచాయి. ఆ వీధిలో ఒక్కరికీ అమ్మవారు పోయలేదు.

షెడ్డులో ఆమెకు కొంచెం మాట వచ్చాక మొదట అడిగింది నీళ్లు కాదు. "నేను తుడవలేదు సిస్టరమ్మా. నువ్వన్నా నమ్ముతావా?" అని అడిగింది.

"నమ్ముతా అక్కా."

"నువ్వు నమ్మితే సాలదు. వాళ్లకు సెప్పు. పని పోతే పోతాది. తుడిసేసిందాన్ని అనిపించుకోని సచ్చిపోలేను."

అప్పటికి ఆమె ఎడమ కంట్లో పువ్వు పడింది. ఆ కంటికి ఇక చూపు రాదని నాకు తెలుసు. నేను చెప్తానని మాటిచ్చాను కానీ, ఏం చెప్పాలో నాకే అర్థం కాలేదు. టీకా వేసింది నిజం, ఆమె తుడవనిది నిజం, జబ్బు వచ్చిందీ నిజం. మరి టీకా పనిచేయదా? పనిచేయకపోతే నేను అదే షెడ్డులో, అదే గాలి పీల్చుకుంటూ, తుమ్మైనా రాకుండా ఎలా తిరుగుతున్నాను?

దానికి జవాబు ఒక డాక్టరమ్మతో వచ్చింది. ఆసుపత్రి మనిషికే మశూచి రావడం ఏమిటని విచారించడానికి పైనుంచి పంపారు. పొట్టిగా, తెల్ల చీరలో, ముందు నుంచే విసుగ్గా ఉన్న మనిషి. పెద్ద డాక్టరు తన కథ వినిపించాడు. ఆవిడ విని, "అందరూ చేతులు చూపించండి" అంది.

వరండాలో మళ్లీ అదే వరస. ఆవిడ ఒక్కొక్క చేతినీ వెలుతురుకు తిప్పి చూసింది. డాక్టర్లకూ సిస్టర్లకూ చిన్నవో పెద్దవో కొత్త మచ్చలు ఉన్నాయి. ఆయాల దగ్గరికీ ఊడ్చేవాళ్ల దగ్గరికీ వచ్చేసరికి ఒక్క చేతిమీదా కొత్త మచ్చ లేదు. కొందరికి చిన్నప్పటి పాత మచ్చలున్నాయి, అవే వాళ్లను కాచినట్టున్నాయి.

"వీళ్లందరూ తుడిచేసుకున్నారా డాక్టర్ గారూ?" అంది ఆవిడ. వేసేదెవరని అడిగి, పెద్ద సిస్టరు వైపు తిరిగింది. "ఎలా వేస్తారో ఒకసారి వేసి చూపించండి."

పెద్ద సిస్టరుకు పరీక్షలంటే భయం లేదు. పైగా గర్వం. వరస చివర ఉన్న ఊడ్చే ఆమెను రమ్మంది. దూదిని ముంచింది, భుజం నుంచి మోచేతి దాకా మెరిసేలా తోమింది, స్పిరిట్ మోచేతి నుంచి చుక్కలు పడుతుండగా సూది అందుకుంది.

"ఆగండి" అంది డాక్టరమ్మ. "ఆ మందు ఏమిటనుకుంటున్నారు? ప్రాణమున్న సరుకు అది. బతికి ఉంటేనే పొక్కు లేస్తుంది, పొక్కు లేస్తేనే మనిషికి కాపు. ఆ తడి స్పిరిట్‌లో పెడితే అది అక్కడికక్కడే చస్తుంది. చచ్చిన మందును ఏటా పొడుస్తున్నారు మీరు." తర్వాత పెద్ద డాక్టరు వైపు తిరిగింది. "పొక్కు రాలేదంటే శక్తి ఉందని ఎవరు చెప్పారు? టీకా పట్టలేదని అర్థం. మళ్లీ వేయాలి. పట్టని మనిషిని ఏరి షెడ్డులోకి పంపారా?"

అప్పటికి నాకు అర్థమయింది. మా చేతులమీద ఆరేదాకా ఆగిన మనిషి వాళ్ల చేతులమీద ఆగలేదు. అసహ్యం వల్లే గట్టిగా రుద్దింది, అసహ్యం వల్లే తొందరగా పొడిచింది. వీధిలో స్పిరిట్ లేక పూలమ్మేవాళ్లందరికీ పట్టిన టీకా, ఆసుపత్రిలో స్పిరిట్ ఎక్కువై ఆయాలకు పట్టలేదు. టీకా మోసం చేయలేదు. దాన్ని చర్మందాకా మేము పోనివ్వలేదు.

డాక్టరమ్మ దగ్గరుండి అందరికీ మళ్లీ వేయించి, ఆయాను పనిలోంచి తీసేయకూడదని గట్టిగా చెప్పి వెళ్లింది. ఆవిడ కారు గేటు దాటగానే నేను పెద్ద డాక్టరు గదికి పోయాను.

"సార్, ఆమె తుడుచుకోలేదని మీరే వచ్చి ఆమెతో చెప్పండి. మొగుడితోనూ చెప్పండి. అందరి ముందర అన్నారు కాబట్టి అందరి ముందర చెప్పండి."

"ఇకమీదట స్పిరిట్ వాడొద్దని ఆర్డరు వేశాను. పని కూడా ఉంచాను. అయిపోయిందాన్ని ఇప్పుడు తవ్వడం దేనికి? అయినా స్పిరిటూ వైరసూ అంటే ఆమెకేం అర్థమవుతుంది?"

"తుడిచినావని చెప్పినప్పుడు అర్థమయింది కదా సార్. తుడవలేదంటే ఎందుకు అర్థం కాదు?"

ఆయన బయటికి పొమ్మన్నాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఆయా చేయని తప్పు గేటు దాకా పాకింది, వాళ్లు చేసిన తప్పు ఆ గది దాటి రాలేదు. ఆ తర్వాత నాకు రాత్రి డ్యూటీలు ఎక్కువయ్యాయి, తర్వాత బదిలీ కూడా అయింది. వాటి గురించి నాకు బాధ లేదు. ఆయన ఆ షెడ్డుకు పోలేదన్నదే బాధ.

అందుకని నేనే పోయాను. చెక్కులు రాలిపోతున్నాయి, ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖమంతా గుంటలు. మిగిలిన ఒక్క కన్నుతో నన్ను చూసింది. పక్కన కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. మందుకు ప్రాణముంటుందని, తడి స్పిరిట్ దాన్ని చంపిందని, ఆమె తప్పు ఆవగింజంతైనా లేదని. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె తన ఎడమ చెయ్యి చాచి, అరచేత్తో భుజం నుంచి మోచేతి దాకా నిమురుకుంది.

"మీకు మెల్లగా తుడిసింది, మాకు గట్టిగా రుద్దింది. అందుకేనా?"

"అందుకే అక్కా."

ఆ చేతిని వెలుతురుకు తిప్పి చూసుకుంది. తర్వాత అడిగింది. "నా చెయ్యి అంత మురిగ్గా ఉండిందా సిస్టరమ్మా? ఆ పొద్దు సున్నిపిండితో రుద్దుకోనే వచ్చినాను గదా."

దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. లేచి నేరుగా పెద్ద సిస్టరు దగ్గరికి పోయాను. ఆవిడ మందుల గదిలో సీసాలు సర్దుతోంది. ఆయా అడిగిన మాటను ఒక్క అక్షరం మార్చకుండా, ఆమె గొంతుతోనే అడిగాను. పెద్ద సిస్టరు నా వైపు చూసింది. చేతిలోని సీసా పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి పోయి, సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.